ఇంటి మాటే పెట్టుబడి

తిరుత్తణి పేరు చెప్పగానే మనకు కొండమీది సుబ్రహ్మణ్యస్వామి, ఆ వెంటనే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గుర్తుకొస్తారు. 1888లో అక్కడ తెలుగింట పుట్టిన ఆయన తత్త్వశాస్త్రం చదివి, 1912లోనే మనస్తత్వశాస్త్రంపై ఓ పుస్తకం రాశారు. ఈనాడు మన పిల్లలు ఆ శాస్త్రంలో పరిశోధన చేస్తామంటే 'ఎన్నేళ్ళు? తర్వాతేమిటి?' అని అడుగుతాం.

లెక్క చూద్దాం. 2022 నిబంధనలతో యు.జి.సి. ఎం.ఫిల్. ఎత్తేసింది, ఇక పిహెచ్.డి.యే. సాధారణంగా ఎం.ఏ.లోగాని ఎమ్మెస్సీలోగాని 55 శాతం మార్కులుండాలి. కనీసం మూడేళ్ళు, గడువు ఆరేళ్ళు. ఆడపిల్లలకు అదనంగా రెండేళ్ళు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఇస్తారు. పెళ్ళి పేరు చెప్పి చదువు ఆపనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: పిహెచ్.డి. వచ్చినంత మాత్రాన రోగులను చూసే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. అందుకు భారత పునరావాస మండలి గుర్తించిన చదువు, అక్కడ నమోదు వేరే కావాలి.

తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ పెరుగుతారు. ఇంగ్లీషు ప్రశ్నావళిలో 'డిప్రెషన్' అని ఒక్కమాటే ఉంటుంది. మన అవ్వ ఒకప్పుడు దిగులంటుంది, ఒకప్పుడు బెంగంటుంది, ఒకప్పుడు మనసు బాగలేదంటుంది. మూడూ ఒకటి కావు. ఆ తేడా తెలియని పరిశోధకుడికి ఆమె బాధ సగమే అందుతుంది. తెలిసిన పిల్లకు ఆ రెండు భాషలే పెట్టుబడి.

బ్యాంకువాణ్ణిగా చెబుతున్నాను, ఏ బ్యాంకూ ఇవ్వలేని పెట్టుబడి అది. ఇంట్లో తెలుగు మాట్లాడండి. చదువుతామన్న పిల్లల్ని చదవనివ్వండి.