రక్తము పుట్టు చోటనే చిక్కు

ఇంట బిడ్డ ముఖము పాలిపోయినచో మనకు మొదట తోచునది ఆహారలోపమే. తోటకూర వండుదుము, నువ్వులుండ చేతికిత్తుము, ఇనుపమాత్రలు తెప్పింతుము. ఇవి మంచివే. కాని కొన్ని వేళల లోపము కంచములో నుండదు. రక్తము పుట్టు చోటనే యుండును. ఈ మాసము ఆ సంగతినే చెప్పదలచితిమి.

మన రక్తములోని ఎఱ్ఱకణములు ఎముకల లోపలి మూలుగలో పుట్టును. ఒక్కొక్క కణము రమారమి 120 దినములు జీవించి నశించును. ఆ లోటు తీర్చుటకు ఆరోగ్యవంతుల మూలుగ సెకనునకు 20 లక్షలకు పైగా క్రొత్త కణములను తయారుచేయుచుండును. రక్తము తగ్గినచో మూత్రపిండములు ఒక రసమును విడిచి, ఇంకను త్వరపడుమని మూలుగకు కబురంపును. గాయమై రక్తము పోయినపుడు మూలుగ ఆ కబురు నాలకించి, తగినంత ఇనుము దొరకినచో కొద్ది వారములలో లోటు పూడ్చును.

చలిజ్వరమున, అనగా మలేరియాలో, ఈ యేర్పాటే చెడును. మలేరియా పరాన్నజీవి ఎఱ్ఱకణములో దూరి, అందలి హిమోగ్లోబిన్‌ను తిని, కణమును పగులగొట్టుకొని వెలికి వచ్చును. ఇది చాలమంది యెఱిగినదే. కాని రక్తము తగ్గుటకు అదియొక్కటే కారణము కాదు. పరాన్నజీవి సోకని కణములను గూడ దేహము అకాలముననే తొలగించివేయును. వానికి బదులు క్రొత్తవానిని చేయవలసిన మూలుగయో, పనిలో వెనుకబడును.

జంతువులలో ఈ సంగతి చక్కగా పరిశీలింపబడినది. 1948లో ఆఫ్రికాలోని కాంగో ప్రాంతమున కనుగొనబడిన యొక మలేరియా జాతి చిట్టెలుకలకు సోకును. అట్టి ఎలుకలలో మూత్రపిండముల కబురు హెచ్చుగనే వచ్చును. మూలుగ మాత్రము తగినట్లు పలుకదు. అప్పుడు ప్లీహము ఆ భారమును కొంత తనపై వేసికొని ఉబ్బిపోవును. మన పెద్దలు కడుపులో బల్ల పెరిగినదనుచుండినది ఈ ప్లీహపు వాపునే. అయితే మనుష్యులలో అది ముఖ్యముగా చెడిన కణములను వడపోయుటచే కలుగును.

ఈ చరిత్రలో మన జంటనగరములకును పాలు గలదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో నల్లని రేణువులను చూచి, వానినిబట్టి మలేరియా పరాన్నజీవిని గుర్తించెను. మఱుసటి యేట కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటుచే వ్యాధి సంక్రమించు తీరును నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. బేగంపేటలో ఆయన పేర వెలసిన సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఆనాడు ఆయనకు దారిచూపిన నల్లని రేణువు, పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను తినగా మిగిలిన మలినమే. అది మూలుగలో చేరి, ఎదుగుచున్న ఎఱ్ఱకణములకు అడ్డుపడునని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఇక ఇనుము మాట. ఉస్మానియా ఆవరణము ప్రక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరునందు ఒక్క గదిలో మొదలైన ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఇనుము చేర్చిన ఉప్పును రూపొందించినది ఈ సంస్థయే. ఆహారలోపముచే రక్తము తగ్గినవారికి ఇట్టివి మేలుచేయును. కాని మలేరియా సోకినపుడు కాలేయము హెప్సిడిన్ అను పదార్థమును హెచ్చుగా విడుచును. అది పేగులనుండి ఇనుము రక్తములో చేరకుండను, దేహములో నిలువయున్న ఇనుము వెలికి రాకుండను చేయును. గాదె నిండుగా ధాన్యమున్నను తాళపుచెవి లేని యింట పొయ్యి రాజనట్లు, ఇనుము ఉండియు మూలుగకు అందదు.

అందని ఇనుము వ్యర్థమగుటయే కాదు, కొన్నియెడల ముప్పు కూడ తెచ్చును. మలేరియా మిక్కిలిగా గల జాంజిబారు ప్రాంతపు పెంబా దీవిలో పసిపిల్లలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఇచ్చి చూచిరి. ఇయ్యనివారికంటె ఇచ్చినవారిలో, ఆసుపత్రి పాలగుట, మరణించుట అను ఆపదలు కలిసి హెచ్చైనట్లు 2006లో ప్రకటించిరి. మలేరియా నివారణము, చికిత్సయు సరిగా జరుగు చోట్ల అట్టి హాని కానరాలేదని పిమ్మటి పరిశీలనలలో తేలినది. కనుక దోషము ఇనుముది కాదు. జ్వరమును విచారింపక ఇనుము నిచ్చుటదే.

కావున గృహిణులు గమనింపవలసినవి కొన్ని గలవు. పాలిపోయిన బిడ్డకు చలి వణకుతోనో, విడిచి విడిచియో జ్వరము వచ్చుచున్నచో ముందు రక్తపరీక్ష చేయింపుడు. మలేరియా యని తేలినచో వైద్యుడు చెప్పినన్ని దినములును మందు మ్రింగింపుడు. జ్వరము తగ్గినదని నడుమ మానవలదు. వ్యాధి నయమైన పిమ్మట మూలుగ మరల పుంజుకొనును; ఆకుకూరలు, రాగులు, పప్పులు అప్పుడు చక్కగా ఒంటబట్టును. భోజనములో నిమ్మరసమో ఉసిరికాయో యుండిన ఇంకను మేలు. గర్భవతులు వైద్యులిచ్చిన ఇనుపమాత్రలను ఈ మాటలు చదివి మానరాదు. కొంకిపురుగు మూలుగను చెఱుపక, పేగులో రక్తమును పీల్చి ఇనుమును హరించును; దానికి బడిలో ఇచ్చు నులిపురుగుల మాత్రను పిల్లలచే తప్పక మ్రింగింపుడు.

ఇంట కుక్కను పెంచువారికి మఱొక మాట. పిడుదులవలన సోకు ఒక సూక్ష్మజీవి ముదిరినచో కుక్క మూలుగను ఎండగట్టును. దాని చిగుళ్లు తెల్లబడినను, ముక్కునుండి రక్తము కారినను పాలు పోసి ఊరకుండక పశువైద్యునకు చూపుడు. మూగజీవమైనను బిడ్డయైనను, ఎందుచే పాలిపోయినదో తెలిసికొనిన పిదపనే పథ్యమును, మందును ఫలించును.