తినేవాడు లేని వంటిల్లు

టీవీలో వంటల పోటీలు వచ్చాకే వంటకు గౌరవం వచ్చిందన్న మాట ఈమధ్య ఎక్కడ చూసినా వినబడుతోంది. ఢిల్లీ కరోల్ బాగ్ చుట్టుపక్కల నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే చాలు, ప్రసాద్ నగర్ ఆంధ్రా స్కూలు గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులు మొదలు పాత రాజేందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు వచ్చిన కుర్రాళ్ళ దాకా అందరిదీ ఇదే పాట. "ఇదివరకు వంటంటే చాకిరీ అండీ, ఇప్పుడది కళ" అంటారు. ఆదివారం అనుబంధాలు కూడా దీనికే తాళం వేస్తాయి. ఆ పోటీలు పోటీదారుకు పేరు తెచ్చాయి, జడ్జీకి తెచ్చాయి, మధ్యలో ప్రకటన ఇచ్చుకునే నూనె కంపెనీకీ తెచ్చాయి. వంటకు ఏం తెచ్చాయో నాకైతే కనబడటం లేదు.

చూడకుండా తిడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. 2010 అక్టోబరులో అక్షయ్ కుమార్ ముందు నిలబడి మాస్టర్‌చెఫ్ ఇండియా మొదలైన నాటి నుంచీ చూస్తున్నాను. లక్నో పంతులమ్మ పంకజ్ భదౌరియా ఉద్యోగం వదులుకుని వచ్చి గెలిచినప్పుడు సంతోషించాను కూడా. 1990లో బీబీసీలో పుట్టిన ఆ కార్యక్రమం ఆస్ట్రేలియా వెళ్ళి 2009లో కొత్త వేషం కట్టింది. మనకొచ్చింది ఆ వేషమే. తెలుగులో 2021లో జెమినీ టీవీ తమన్నాను పెట్టి మొదలుపెట్టింది. 2024లో సోనీలివ్ సంజయ్ తుమ్మ, చలపతిరావు, నికిత ఉమేష్‌లను జడ్జీలుగా కూర్చోబెట్టింది. 2025లో స్టార్ మా 'కుకు విత్ జాతిరత్నాలు' అంటూ వంటకు వెటకారం కలిపింది. అన్నిట్లోకీ నిజాయితీ ఉన్నది ఆఖరిదేనేమో, అది వంట గురించి అని బుకాయించదు.

గౌరవం ఇప్పుడే వచ్చిందంటే, అంతకుముందు లేదనే కదా అర్థం. అదెక్కడి మాట? బాగా వండితే నలభీమపాకం అని ఒక రాజునూ ఒక వీరుణ్ణీ తెచ్చి పోల్చే జాతి మనది. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) దారిన పోయేవాళ్ళకు అన్నం పెట్టి పేరు గడించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరే పెట్టింది. సీతమ్మ గారి పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని ఎవరూ మార్కులు వేయలేదు. ఆమె కీర్తికి సాక్షులు తిన్నవాళ్ళు. పెళ్ళికి వంటవాణ్ణి మాట్లాడుకునేటప్పుడు కూడా మనవాళ్ళు అడిగేది ఒక్కటే, "ఇంతకుముందు ఎవరింట్లో చేశాడు?" అని. అక్కడ తిన్నవాణ్ణి పట్టుకుని వివరం తెలుసుకున్నాకే బయానా ఇస్తారు.

టీవీ పోటీల్లో లేనిది ఆ తిన్నవాడే. వండేవాళ్ళు పదిమంది, రుచి చూసేవాళ్ళు ముగ్గురు, కెమెరాలు లెక్కలేనన్ని. ఆకలేసి కూర్చున్నవాడు ఒక్కడూ ఉండడు. జడ్జీ ఫోర్కుతో అంచున ఓ ముక్క తుంచి, కళ్ళు మూసుకుని, సస్పెన్సు కోసం కాసేపు ఆగి, తల పంకిస్తాడు. కెమెరాలూ లైట్లూ సర్దుకుని బల్ల మీదికి తెచ్చేసరికి వంటకం చల్లారిపోతుందనీ, అందుకే పొయ్యి దగ్గరే ముందుగా రుచి చూసుకుంటారనీ మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా వాళ్ళే చెప్పుకున్నారు. అంటే మనం టీవీలో చూసే ఆ తల పంకింపు చల్లారిన ముద్దకు జరిగే లాంఛనం. పెనం మీంచి కంచంలోకి వచ్చే లోపే సగం ప్రాణం పోయే పెసరట్టు ఆ పద్ధతిలో ఏ జన్మకు గెలవాలి?

మన భోజనానికి ఇంకో చిక్కుంది. దాన్ని వంటమనిషి పూర్తిచేయడు. ఆఖరి వంట తినేవాడి చేతిలో జరుగుతుంది. ముద్దపప్పులో నెయ్యి ఎంత పోయాలో, ఆవకాయ ఎంత కలపాలో, చారన్నంలోకి అప్పడం నలుపుకోవాలో నంజుకోవాలో వాడిష్టం. ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్న అన్నదమ్ములు తినేది కూడా ఒకే భోజనం కాదు. ఇక మారు వడ్డన సంగతి చెప్పనే అక్కర్లేదు. అశోకా రోడ్డు ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో ఢిల్లీ జనం టోకెన్లు పట్టుకుని బారులు తీరేది పళ్ళెం అందంగా ఉంటుందని కాదు. పప్పు బకెట్టు పట్టుకున్న మనిషి మళ్ళీ వస్తాడని. వద్దంటున్నా ఇంకో గరిటె వేస్తాడని. అంగుళం అంగుళం సర్ది, పైన రెండు ఆకులు నిలబెట్టి, చుట్టూ పచ్చడిని చుక్కలుగా పెట్టిన టీవీ పళ్ళేన్ని కలుపుకోవడానికి వీల్లేదు. మళ్ళీ అడగడానికీ వీల్లేదు. నిజానికది మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువు.

ఈ చూపు ఇళ్ళలోకీ వచ్చేసింది. ఇక్కడి తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాల్లో ఒకసారి వంటల పోటీ చూశాను. ఒకావిడ పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర తెచ్చింది. చింతపండు పులుసు ముందురోజే ఉడికించి, ఇంగువ దిట్టంగా వేసి, రాత్రంతా ఊరనిచ్చిన పులిహోర. మూత తీస్తే ఆ వాసనకే హాల్లో తలలు తిరిగాయి. మొదటి బహుమతి మాత్రం గిన్నెలో అదిమి గోపురంలా బోర్లించి, పక్కన క్యారెట్ పువ్వు పెట్టిన పులిహోరకు వెళ్ళింది. జడ్జీ గారు "ప్రెజెంటేషన్ చాలా ముఖ్యం అమ్మా" అని మైకులో పాఠం కూడా చెప్పారు. భోజనాల వేళకు ఆ డబ్బా అడుగు కనబడింది. దానికి బహుమతి లేదు లెండి.

ఇదంతా ఎందుకు, అసలు వంట ఎక్కడుందో చూడాలంటే కరోల్ బాగ్ మెట్రో దిగి పాత రాజేందర్ నగర్ వైపు సందుల్లోకి వెళ్ళండి. కలెక్టర్లు కావాలని వచ్చిన తెలుగు పిల్లలకు నెలవారీ లెక్కన అన్నం పెట్టే మెస్‌లు ఉంటాయి. నాకు తెలిసిన ఒక వంటాయన గోదావరి జిల్లా మనిషి. వచ్చిన కొత్తలో ఆయన్ని ఏడిపించింది ఇక్కడి నీళ్ళు. కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్ళలో కందిపప్పు ఓ పట్టాన మెత్తబడదు. అందుకని అన్నిటికీ ఆ నీళ్ళే వాడినా పప్పుకు మాత్రం డబ్బా నీళ్ళే. జనవరి వచ్చిందంటే ఇడ్లీ పిండి పొంగదు. రాత్రి రుబ్బిన పిండిని పొయ్యి పక్కకు జరిపి రజాయి కప్పుతాడు. పొద్దున చిటికెడు పిండి నీళ్ళలో వేసి, తేలితే ఇడ్లీ, మునిగితే ఆ పూటకు ఉప్మా. పాలు మామూలుకన్నా వేడిగా ఉండగానే తోడుపెట్టి గిన్నెకు గుడ్డ చుడతాడు. రోజూ అదే పప్పు, అదే చారు, ఒక వేపుడు, పెరుగు. పిల్లలు పుస్తకం చూస్తూ తింటారు, ఏం తిన్నారో కూడా గమనించరు. "బాగుంది" అని చెప్పేవాడు అరుదు.

మరి ఆయనకు తన వంట ఎలా ఉందో ఎవరు చెబుతారు? కంచాలు కడిగేచోట ఎంగిలి పారబోసే తొట్టి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఆయన దాని దగ్గరకొచ్చి ఒకసారి వంగి చూస్తాడు. బెండకాయ వేపుడు ఎక్కువ కనిపిస్తే మర్నాడు నూనె తగ్గుతుంది. చారు మిగిలితే మిరియాలు మారతాయి. పరీక్షల ముందు వారం అన్నమే ఎక్కువ పోతుందట, "అది నా వంట తప్పు కాదండి, పిల్లల బెంగ" అన్నాడు. ఇంతకన్నా నిఖార్సైన తీర్పు ఏ స్టూడియోలో చూశారు?

ఈ మనిషి పోటీకి వెళ్తే మొదటి వారమే ఇంటికొస్తాడు. గంటలో కొత్తది చేయమంటారు. ఆయనకు వచ్చింది పాతదాన్ని రోజూ తప్పకుండా చేయడం. కొత్తగా ఒకసారి బాగా చేయడం తెలివైన ఎవరికైనా సాధ్యమే. రెండొందలోసారి కూడా అడుగంటకుండా, ఉప్పు తప్పకుండా, ఉల్లిపాయ ధర పెరిగిన వారం కూడా రుచి తగ్గకుండా చేయడమే పనితనం. టీవీకి ఆ రెండొందలోసారితో పనిలేదు, ఎందుకంటే దాంట్లో నాటకం లేదు. గడియారం పెట్టేది కూడా నాటకం కోసమే. మన రుచుల్లో సగం గడియారానికి లొంగవు. పిండి పులియాలి, ఆవకాయ మూడోనాడు తిరగ కలిపి ఊరాలి, చేపల పులుసు మర్నాటికి గానీ కుదరదు. వాటిని పోటీకి తీసుకెళ్ళాలంటే ముందే చేసుకుని వెళ్ళాలి, అది నిబంధనలకు విరుద్ధం.

ఇక్కడ అవతలివాళ్ళు తమ బ్రహ్మాస్త్రం తీస్తారు. 2021లో మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి పాంతా భాత్ వండి పెట్టింది. మన చద్దన్నమే. పక్కన ఆలూ భర్తా, చేప. జడ్జీలు ఆహా అన్నారు, ఆమె మూడో స్థానంలో నిలిచింది, రెండు బెంగాల్‌లూ పొంగిపోయాయి. "చూశారా, పేదవాడి కూడును ప్రపంచం ముందు నిలబెట్టారు" అంటారు. ఆమె ధైర్యానికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆ చద్దన్నానికి పొగ పట్టించాల్సి వచ్చింది, 'స్మోక్డ్ రైస్ వాటర్' అని పేరూ పెట్టాల్సి వచ్చింది. కోట్ల మంది తరతరాలుగా తిని బతికిన కూటికి మెల్‌బోర్న్‌లో ముగ్గురు తల ఊపితే గానీ విలువ రాలేదని మనమే ఒప్పుకుంటే, చిన్నబోయింది ఎవరు? పొలానికెళ్ళే మనిషికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో చద్దన్నం పెట్టి పంపిన ఇల్లాలికి ఆ చప్పట్లలో వాటా రాలేదు.

బేకింగ్ పోటీల విషయంలో కాస్త మెత్తబడతాను. 2010లో బీబీసీ మొదలుపెట్టిన 'గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్'లో డబ్బు బహుమతి లేదు. గెలిచినవాళ్ళకు కేకు పెట్టుకునే స్టాండు ఇస్తారు. ఒకరి కేకు కూలిపోతుంటే పక్కవాళ్ళు పరిగెత్తుకొచ్చి పట్టుకుంటారు. ఇంగ్లండు వెళ్ళాకే బేకింగ్ నేర్చుకున్న కలకత్తా కుర్రాడు రాహుల్ మండల్ 2018లో గెలిచినప్పుడు అతని బెరుకు చూసి ముచ్చటేసింది. అయినా అక్కడ కూడా 2014లో ఐస్‌క్రీమ్ గడ్డకట్టలేదని ఒకతను చేసినదంతా చెత్తబుట్టలో పారేసి ఆ బుట్టనే పట్టుకుని జడ్జీల ముందుకు వెళ్ళాడు. బీబీసీకి వందల ఫిర్యాదులు వెళ్ళాయి. ఎవరి ఐస్‌క్రీమ్ ఎవరు ఫ్రీజర్‌లోంచి తీశారని దేశమంతా తగువులాడుకుంది. కరిగిందయితే ఏం, గిన్నెలో పోసుకుని తాగేస్తే పోయేది కదా అని ఎవరికీ తోచలేదు. ఆ గుడారంలోకి పిల్లలెవరైనా వచ్చి ఉంటే తోచేది.

కరోల్ బాగ్‌కు పొయ్యి సంగతులు ఒకరు నేర్పక్కర్లేదు. 1947 తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు ఇక్కడా, పటేల్ నగర్‌లో, రాజేందర్ నగర్‌లో స్థిరపడ్డారు. వాళ్ళు వెంట తెచ్చుకున్న అలవాట్లలో సాంఝా చూల్హా ఒకటి. వీధికంతటికీ ఒకే తందూరు. సాయంత్రమైతే ఎవరి పిండి వాళ్ళు తడుపుకుని అక్కడికి చేరి రొట్టెలు కాల్చుకునేవాళ్ళు. ఇప్పటికీ ఢిల్లీలో కొన్ని పేటల్లో గోధుమపిండి, నెయ్యి, చక్కెర ఇంటినుంచి పట్టుకెళితే బేకరీవాడు కూలి తీసుకుని బిస్కెట్లు కాల్చి డబ్బాలో పోసిస్తాడు. నిప్పులు కిందా పైనా పెట్టి నాన్‌ఖటాయీ కాల్చే తోపుడు బళ్ళు సరేసరి. బేకింగంటే తెల్ల గుడారం, రంగురంగుల మిక్సర్లు అనుకునే మన పిల్లలకు ఆ బండి దగ్గర ఆగి నాలుగు కొనుక్కోవడం కూడా బేకింగ్ చరిత్రేనని ఎవరైనా చెబుతారా?

ఈ పోటీల వల్లే మగవాళ్ళు వంటింట్లోకి వచ్చారన్న వాదన మీద ఎక్కువ సిరా ఖర్చు చేయను. పెళ్ళి వంటల్లో, హోటళ్ళలో మగవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఇంట్లో రోజువారీ అంట్లగిన్నెల దగ్గరికి రావడం అసలు మార్పు. అంట్లు ఏ పోటీలోనూ కనబడవు. ఎవరు తోముతున్నారో కెమెరా చూపదు.

పోటీ లేకపోతే వంటమనిషికి పేరెలా వస్తుందంటారా? తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మకు ఎలా వచ్చింది? 2016లో మనవడి వరసవాడు 'కంట్రీ ఫుడ్స్' పేరుతో యూట్యూబులో పెట్టేదాకా ఆవిడెవరో ప్రపంచానికి తెలియదు. పళ్ళులేని ఆ నూరేళ్ళ ముసలమ్మ అల్లం తొక్కు గోటితో గీరి తీస్తుంటే లక్షలమంది చూశారు. 2018 డిసెంబరులో పోయేదాకా ఆవిడను ఎవరితోనూ పోటీ పెట్టలేదు. వండాక పక్కన కూర్చున్నవాళ్ళు తినేవాళ్ళు, ఆవిడ చూస్తుండేది.

ఛానళ్ళవాళ్ళకు పోటీయే కావాలంటే నా దగ్గర ఒక పథకం ఉంది. ఆరుగురు వంటవాళ్ళను తెచ్చి ఒక్కొక్కరికీ ఇరవైమంది కోచింగ్ పిల్లల్ని అప్పగించండి. జనవరి నెల, కరోల్ బాగ్ నీళ్ళు, ఒకే ఖర్చు. నెల్లాళ్ళూ పప్పు, చారు, ఒక కూర, పెరుగు. జడ్జీలు వద్దు, రోజూ మూడింటికి ఎంగిలి తొట్టిని తూకం వేయండి. పండక్కి ఇంటికెళ్ళిన పిల్లల్లో ఎంతమంది తిరిగొచ్చి అదే మెస్‌లో డబ్బు కట్టారో ఆఖరి ఎపిసోడ్‌లో చెప్పండి. నూనె కంపెనీ స్పాన్సర్ చేయకపోవచ్చు, నూనె తగ్గించినవాడు గెలిచే ప్రమాదం ఉంది.