సర్దుకుపొమ్మంటే సరిపోతుందా?

మొన్న మా అత్తయ్యతో అహోబిలం వెళ్ళి తిరిగి వస్తూ, ఆళ్లగడ్డలో బస్సు కోసం ఆగి, దగ్గర్లోని ఓ హోటల్లోకి వెళ్ళాం. ఇరవయ్యేళ్ళు నిండీ నిండని అమ్మాయి టిఫిన్లు అందిస్తోంది. పక్క బల్ల దగ్గర పెద్దమనిషిలా ఉన్న ఒకాయన ప్లేటు అందుకునే వంకతో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమె విదిలించుకుని లోపలికి వెళ్ళిపోయింది. గల్లాపెట్టె దగ్గరున్న యజమాని అంతా చూశాడు. చూసి, చిల్లర లెక్కపెట్టుకోసాగాడు.

బిల్లు కట్టేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఏం చేసేదమ్మా, రోజూ వచ్చే గిరాకీ. ఆ పిల్లే కాస్త సర్దుకుపోవాల" అన్నాడు. చేతులు కడుక్కునే చోట ఆ అమ్మాయి మెల్లిగా, "ఇంట్లో చెబితే పని మాన్పిస్తారక్కా" అంది. ఏం చెప్పాలో తోచక నంద్యాల బస్సెక్కేశాను. దారంతా ఆ మాటే చెవుల్లో మెదిలింది.

సర్దుకుపోవడం ఆడపిల్ల వంతు అని ఎవరు రాశారు? చట్టమైతే రాయలేదు. పనిచేసే చోట స్త్రీకి రక్షణ కల్పించే బాధ్యత యజమానిదేనని 1997లోనే విశాఖ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. (ఈ విశాఖ మన ఊరు కాదు, రాజస్థాన్‌లోని ఓ మహిళా సంస్థ.) 2013లో ఏకంగా చట్టమే వచ్చింది. పనిచోటికి వచ్చిపోయే బయటివాళ్ళ నుంచీ ఆమెను కాపాడాలని అందులో ఉంది. అంటే, గిరాకీ చేసిన పాడుపని చూసి యజమాని తల దించుకుంటే కుదరదు. ఆమె పోలీసులకు చెప్పుకుంటానంటే తోడు నిలవాలి కూడా.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట మహిళ అధ్యక్షతన ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వేయకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. చిన్న హోటళ్ళలో పదిమంది ఎక్కడుంటారంటారా? అలాంటి చోట్ల, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా రాసివ్వొచ్చు. రాయడం రాకపోతే వాళ్ళే సాయం చేయాలి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమైంది గనుక ఆళ్లగడ్డ పిల్ల ఇప్పుడు కర్నూలు దాకా పోనక్కర్లేదు. కానీ ఈ సంగతి ఆమెకు చెప్పేదెవరు? ఈ నేరానికి పడే శిక్షలేమిటో పనిచోట అందరికీ కనబడేలా పెట్టాలని చట్టమే అంటోంది. నేను చూసిన హోటళ్ళలో గోడ మీద ధరల పట్టిక తప్ప మరొకటి కనబడలేదు.

గిరాకీ కోసం ఆడపిల్లను బలిపెట్టే బుద్ధి ఎందాకా పోతుందో 2022 సెప్టెంబరులో చూశాం. ఋషీకేశ్ దగ్గర ఓ రిసార్టులో పనిచేసే 19 ఏళ్ళ రిసెప్షనిస్టును, అతిథుల కోరికలకు ఒప్పుకోలేదని చంపేశారు. 2025 మేలో కోర్టు రిసార్టు యజమానికీ, ఇద్దరు ఉద్యోగులకూ యావజ్జీవ శిక్ష వేసింది. ఆ పిల్ల మాత్రం తిరిగి రాదు.

తల్లులూ, కూతురు వచ్చి చెబితే పని మాన్పించకండి. తప్పు చేసింది ఆమె కాదు. ఆమెతో వెళ్ళి యజమానిని నిలదీయండి. యజమాని గిరాకీ మాటే వింటాడంటారా? మనమూ గిరాకీయే కదా! ఆ రోజు నేను ఒక్క ప్రశ్న వేసి బస్సెక్కేశాను. ఆ హోటల్లో మరో నలుగురు ఆడవాళ్ళున్నారు. అందరం లేచి, "ముందు ఆయన్ని బయటికి పంపండి" అని ఉంటే, సర్దుకుపోవాల్సింది ఎవరో ఆ యజమానికి తెలిసేది.