చిరునామా లేని సీతాకోకచిలుక

మొన్న నంద్యాల వెళ్ళినప్పుడు, హాల్లో తగిలిద్దామని ఒక ఫ్రేము పట్టుకెళ్ళా. గాజు వెనక నీలం మార్ఫో సీతాకోకచిలుక. ఆన్‌సైట్‌లో ఉన్న రోజుల్లో అమెరికాలో ఒక గిఫ్ట్ షాపులో కొన్నా. ఆ నీలం రంగు కూడా కాదు, రెక్కల పొలుసుల మీదున్న సన్నని గీతలు వెలుతురుతో ఆడే ఆట. చూసిన ప్రతివాడూ 'వావ్' అనాల్సిందే.

మా అమ్మ మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది నాయనా, ఇది యా ఊరిది?" అంది.

సీమలో ఎవరు గడప తొక్కినా అడిగే మొదటి ప్రశ్న అదే కదా! ఫ్రేము వెనక చూశా. నిజమైన సీతాకోకచిలుక అని ఇంగ్లీషులో ఒక ముక్క, కింద బార్‌కోడ్. అంతే. ఏ అడవి, ఏ సంవత్సరం, పట్టిందా పెంచిందా, ఏమీ లేదు.

మ్యూజియంలో అయితే ప్రతి పురుగు గుండుసూది కిందా ఒక చిన్న కాగితం ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారు అని. మన భాషలో చెప్పాలంటే మెటాడేటా. అది లేకపోతే మిగిలేది గోడకి అలంకారమే.

ఆ కాగితం విలువ తెలియాలంటే మన పక్క కథే చాలు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక నీలం సాలీడుకి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు, పొయిసిలోథీరియా మెటాలికా అని. ఆ తర్వాత వందేళ్ళు దాని జాడ లేదు. 2001లో మళ్ళీ కనబడింది, గుత్తిలో కాదు, దాదాపు వంద కిలోమీటర్ల అవతల నంద్యాల-గిద్దలూరు మధ్య నల్లమలలో. మొదటిది కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. లేబుల్‌లో బగ్ అన్నమాట! అయినా తప్పు చిరునామాని దిద్దుకోవచ్చు. అసలు లేనిదాన్ని ఏం చేస్తాం?

ఇప్పుడు అదే సాలీడు విదేశీ పెంపుడు జీవుల మార్కెట్లో అమ్ముడుపోతోంది. దానికి తెలిసిన అడవి వంద చదరపు కిలోమీటర్ల లోపే. 2008లో తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల్లో చేర్చారు, 2019లో అంతర్జాతీయ వ్యాపారం మీద సైట్స్ నియంత్రణ వచ్చింది. పెంపకంలో పుట్టిందా, నల్లమలలో చెట్టు తొర్రలోంచి లాగిందా అని కొనేవాడు అడగకపోతే ఎవరడుగుతారు?

అలాగని అసలు కొనొద్దని నేననను. పాపువా న్యూగినీ, కోస్టారికాల్లో సీతాకోకచిలుకల పెంపకం పల్లెలకి నాలుగు డబ్బులు తెస్తోంది. అలాంటి చోట అడవి నిలబడి ఉంటేనే వాళ్ళకీ లాభం. కానీ ఆ మాట ఫ్రేము వెనక రాసుండాలి. ఓపెన్ సోర్స్ లైబ్రరీ వాడాలంటే లైసెన్స్ చూస్తాం, ప్రాణం ఉన్నదాన్ని గోడకి కొట్టేముందు ఆ మాత్రం చూడమా? నేను చూడలేదు, ఒప్పుకుంటున్నా.

చివరికి ఫ్రేము వెనక పెన్నుతో రాశా. కొన్న ఊరు, సంవత్సరం, కింద "అడవి: తెలీదు" అని. అమ్మ చదివి, "ఇప్పుడు తగిలించు" అంది.

మీ గోడ మీద ఇలాంటిదేమైనా ఉంటే, ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి.