కళ్లతో వాయించే పియానో

మా ఆఫీసులో ఈ మధ్య అందరికీ పియానో పిచ్చి పట్టుకుంది. అరవై ఒక్క మీటల కీబోర్డు కొనడం, యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి తగిలించడం, తెర మీద పైనుంచి రంగు కడ్డీలు రాలుతుంటే అవి వాలిన చోటల్లా వేలు పెట్టడం. అయిపోయింది, పియానో వచ్చేసినట్టే! వాళ్లని వెక్కిరించే హక్కు నాకు లేదు లెండి. ఎనిమిది నెలలు నేనూ అదే చేశాను. తొంభై ఆరు శాతం మార్కులు కూడా తెచ్చుకున్నాను. అందుకే ధైర్యంగా చెబుతున్నా, ఆ పద్ధతిలో వచ్చేది టైపింగు మాత్రమే.

సంక్రాంతికి కీబోర్డు చంకనెట్టుకుని అనకాపల్లి వెళ్లాను. మా నాన్న వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో వేషాలు వేసేవారు. నా వాయింపంతా ఓపిగ్గా విని, "బాగుందిరా. నేనో పద్యం అందుకుంటాను, వెనకాల పట్టు" అన్నారు. ఏ శృతి అని అడగాలని కూడా నాకు తట్టలేదు. ఆయనే చెప్పారు, "ఒకప్పుడు రెండులో పాడీవోణ్ణి. ఇప్పుడు గొంతు దిగిపోయింది, ఒకటి చాలు."

పద్యానికి తాళం ఉండదు కదా. ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో పాడేవారి ఇష్టం. హార్మోనియం వాయించేవాడు ఆ గొంతు వెంటే నడవాలి, పాదం ఆగిన చోట అందుకుని మళ్లీ వదిలెయ్యాలి. నేనేమో అలవాటుకొద్దీ తెర కేసి చూస్తున్నాను, కడ్డీలు రాలతాయేమోనని! రెండు పాదాలయ్యాక ఆయనే ఆపేశారు. "ఏట్రా, ఆ పెట్టె కేసి చూస్తావేటి? పాడతన్నది నేను కదా."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకిలా అయిందో మన భాషలోనే చెప్పుకుందాం. కీబోర్డుకీ కంప్యూటరుకీ మధ్య మాటలు నడిపేది 1983లో వచ్చిన మిడి. మీట నొక్కగానే అది రెండు సంగతులు చేరవేస్తుంది: ఏ మీట, ఎంత బలంగా. మీటకో నంబరు, మధ్య సి అయితే 60. బలానికి 127 దాకా ఓ అంకె. వేలు తీస్తే ఇంకో కబురు. సాఫ్టువేరు దాన్ని తన దగ్గరున్న ఫైలుతో పోల్చి, సరైన మీట సరైన సమయానికి పడితే మార్కు వేస్తుంది. మనం రోజూ రాసే యూనిట్ టెస్టే! టెస్టు పాసయ్యే కోడంతా మంచి కోడని మనలో ఎవరైనా ఒప్పుకుంటారా? మరి సంగీతం దగ్గర ఎందుకు ఒప్పుకుంటున్నాం?

మా ఊరు బెల్లానికి పేరుమోసింది. కాటా దిమ్మ బరువు చెబుతుంది, రుచి నాలుకే చెప్పాలి. సాఫ్టువేరు కాటా లాంటిది. దాని తప్పేమీ లేదు. తూకం చూసి తీపి తెలిసిపోయిందనుకోవడం మన తప్పు.

"ట్రాన్స్‌పోజ్ బొత్తాం ఉందిగా, శృతి మార్చుకో" అంటాడో మిత్రుడు. ఉంది. అది హార్డ్‌కోడింగ్ మీద వేసిన ప్యాచి. ఆ మర్నాడు నాన్న నాచేత కళ్లు మూయించి, నాలుగున్నర నుంచి మొదలుపెట్టి నల్లమెట్లు మాత్రమే వాయించమన్నారు. మోహన పలికింది! "ఇప్పుడదే ఒకటి నించి వెతుకు" అన్నారు. అన్నీ తెల్లమెట్లే: సి, డి, ఇ, జి, ఎ. మీటలు మారినా మధ్య దూరాలు మారలేదు. ఎనిమిది నెలల్లో తెలియని ఈ ముక్క అరగంటలో చెవికెక్కింది.

"చిన్న ఊళ్లల్లో మాస్టార్లెక్కడ దొరుకుతారు? కంప్యూటరు విసుక్కోదు, బెత్తం పట్టదు" అంటారు. నిజమే, నేను యంత్రాన్ని తిట్టడం లేదు. మీటల వాయిద్యంలో గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలి వేసింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. అయినా మన పద్యనాటకం దాన్ని వదల్లేదు, ఎందుకంటే పెట్టె వెనకాల కూర్చున్నవాడికి చెవి ఉంది. వయొలిన్ కూడా పరాయిదే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది పరాయిదని ఎవరికైనా అనిపించిందా?

కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా గోల ఇదీ. కంప్యూటరుని ఉంచుకోండి, తెర ఆపెయ్యండి. దానిచేత శృతి వేయించుకోండి. తెలిసిన పాట పల్లవి ఒక్కటి, ఎన్ని తప్పులొచ్చినా సరే, చెవితో వెతకండి. వాయించింది రికార్డు చేసి మర్నాడు వినండి, సిగ్గేస్తే మంచిదే. ఇంట్లో పాడేవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చోండి.

ఆ చివరిది వాయిదా వెయ్యకండి. సాఫ్టువేరుకి కొత్త వెర్షను వస్తూనే ఉంటుంది. మా నాన్న గొంతు ఇప్పటికే రెండు నుంచి ఒకటికి దిగింది. ప్రతి ఆదివారం ఫోను స్పీకర్లో పెట్టి ఆయన చేత పద్యం పాడించుకుంటున్నాను. ఫోనులో ఆలస్యం వల్ల వెంట వాయించడం కుదరదు, ఊరికే వింటాను. ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టాల్సిన పని అదే.