హెచ్చరిక: బూటు మీద ఉన్నది తోలేనా?

మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. రామగుండం ఎండ ఇంకా తగ్గలేదు, బొగ్గు బాయిల్లో ఊట మాత్రం పెరగబోతోంది. వేడీ తడీ కలిసిన ఈ రోజుల్లోనే నాసిరకం మైనింగ్ బూట్ల పైభాగం పొరలుగా విడిపోతుంది. అండర్‌గ్రౌండ్‌లో దిగేవాళ్లు, ఓపెన్‌కాస్టుల్లో పనిచేసేవాళ్లు, ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికులు రేపటి షిఫ్టుకు పోయే ముందే బూట్లు చేతిలోకి తీసుకుని చూడండి. వేళ్ల దగ్గర మడతపడే చోట పొక్కు లేచినా, పై పొర చీలినా ఆ జతతో పనిలోకి దిగొద్దు.

నల్లగా మెరిసేదంతా తోలు కాదు. పశువు చర్మం మందంగా ఉంటుంది కాబట్టి కార్ఖానాలో దాన్ని అడ్డంగా చీలుస్తారు. పై చీలికలో పీచు దట్టంగా అల్లుకుని ఉంటుంది, గట్టిదనం ఎక్కువగా అందులోనే. కింది చీలిక వదులుగా, గరుకుగా ఉంటుంది. దాని మీద పాలీయురేథేన్ పల్చటి పొరను జిగురుతో అతికించి, తోలు గీతల్లా అచ్చు వేస్తారు. ఇంకా చౌక రకంలో తోలు అసలే ఉండదు. పీవీసీ గానీ పాలీయురేథేన్ గానీ పూసిన బట్ట, దాని కింద స్పాంజి, దాని కింద లైనింగు, మూడింటినీ పట్టి ఉంచేది జిగురు. షాపులో బల్బు వెలుతురులో ఇవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

పొరలు అతికించడమే తప్పని అనడం లేదు. పరుగు పందేల బూట్ల నుంచి పర్వతారోహకుల బూట్ల దాకా ఇవాళ చాలావరకు అతికింపు మీదే నిలబడుతున్నాయి, బాగానే నిలబడుతున్నాయి. అసలు ప్రశ్న ఏ జిగురు, ఏ పూత, ఏ పనికి అన్నది. రక్షణ బూట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345. మన ఐఎస్ 15298 రెండో భాగం దాని బాటలోదే. ఆ ప్రమాణంలో పైభాగం తోలైతే చిరగడానికి కనీసం 120 న్యూటన్ల బలం పట్టాలి. పూత బట్టయితే 60 చాలు. అంటే పరీక్ష నెగ్గిన బూట్లలోనే సగానికి సగం తేడా ఉండొచ్చు. ఇక ఏ పరీక్షా లేని బూటు సంగతి చెప్పేదేముంది!

పాలీయురేథేన్‌లో పాలిస్టర్ రకానికి నీళ్లే శత్రువు. తేమ, వేడి కలిస్తే దాని గొలుసులు లోలోపలే తెగుతాయి. ముందు జిగటగా మారుతుంది, తర్వాత పెళుసుబారి పెచ్చులు లేస్తుంది. వాడకుండా గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్నా ఇదే గతి. కొత్త బూటు మొదటి నెలలోనే ఊడిపోతే నడక మీద నెపం పెట్టకండి. పాలీఈథర్ రకం ఈ తడిని బాగా ఓర్చుకుంటుంది, కానీ బూటు పైన చూసి ఏది ఏదో చెప్పలేం.

మరి బాయి ఎలా ఉంటుంది? గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదన్నది గని నిబంధన. హద్దే అంత ఉంటే, చెమట, నీళ్లు, బొగ్గు బురదలో ఎనిమిది గంటలు నానే బూటు పాట్లు ఊహించుకోండి. ఓపెన్‌కాస్టుది ఇంకో బాధ. పాత బాయిల మీద తవ్విన చోట బొగ్గు తనంత తాను రాజుకోవడం సింగరేణి గనులకు కొత్తేమీ కాదు. వేడి బొగ్గు తగిలితే ప్లాస్టిక్ పూత మెత్తబడి చర్మానికి అంటుకుంటుంది. పైగా ముందున్న ఇనుప టోపీ ఇమిడి ఉండేది పై పొరకూ లైనింగుకూ మధ్యనే. 200 జౌళ్ల దెబ్బకు ఓర్చే టోపీ అయినా, దాన్ని పట్టుకున్న పొర విడిపోతే పక్కకు జరిగి వేళ్లనే కోస్తుంది. వేలాడే పెచ్చు బెల్టు దగ్గర, హాలేజీ పట్టాల దగ్గర ఏం చేస్తుందో పనిచేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మందిని పొట్టనబెట్టుకున్నాయి. అది ఊరు మరిచిపోలేదు. బూటు ఊడి జారిపడ్డ మనిషి మాత్రం పేపర్లోకి ఎక్కడు. కానీ ఏ ప్రమాదంలోనైనా పైకి పరుగెత్తాల్సింది ఆ కాళ్లతోనే కదా.

రక్షణ బూట్లు లేకుండా ఎవరినీ గనిలోకి పోనివ్వకూడదనీ, వాటిని యాజమాన్యమే ఉచితంగా ఇవ్వాలనీ కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. చట్టం దృష్టిలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడూ గని కార్మికుడే. కాబట్టి ‘మీరే కొనుక్కోండి’ అనే కాంట్రాక్టరు మాట చెల్లదు. గత్యంతరం లేక కొనాల్సి వస్తే ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ సంఖ్య, కింద సీఎం/ఎల్ సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. ఆ సంఖ్యను ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలుస్తుంది. తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. నాలుక అంచును గానీ కోసిన అంచు కనిపించే ఇంకోచోటును గానీ పరిశీలిస్తే, తోలైతే పీచు కనిపిస్తుంది, పూత బట్టయితే పొరలు విడివిడిగా తెలుస్తాయి. అగ్గిపుల్ల గీసి పరీక్షించే తెలివి మాత్రం వద్దు.

తడిసిన బూట్లను ఎర్రటి ఎండలో పెట్టొద్దు, నీడలో గాలికి ఆరనివ్వండి. డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటు మానండి, జిగురు ఉబ్బి పట్టు వదిలేస్తుంది.

ఊడిన పైభాగాన్ని ట్యూబు జిగురుతో అతికించి మళ్లీ బాయిలోకి దిగడం ఇంకా ప్రమాదం. అతికించేవాడికి కూడా. 1974లో ఇస్తాంబుల్ వైద్యుడు ముజఫ్ఫర్ అక్సోయ్, బెంజీన్ ఉన్న జిగురు వాడిన 26 మంది చెప్పుల కార్మికుల్లో రక్తక్యాన్సర్, దాని తొలి దశల సంగతి బయటపెట్టాడు. షట్టరు దించుకుని మూసిన గదిలో జిగురు పూసే తమ్ముళ్లు తలుపు తెరిచి, ఫ్యాను గాలిని బయటికి తిప్పండి. డబ్బా మీద ఏం రాసుందో చదవండి.

చెడిపోయిన జతను పారేయొద్దు. తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య, సీఎం/ఎల్ సంఖ్య కనిపించేలా ఫొటో తీసి, బూట్లతో పాటు గని సేఫ్టీ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పిట్ సేఫ్టీ కమిటీ సమావేశంలో దాన్ని మినిట్స్‌లోకి ఎక్కించమని మీ ప్రతినిధిని అడగండి. ఒకే బ్యాచ్ బూట్లు ముగ్గురు నలుగురివి ఊడితే అందరూ కలిసి సంతకాలు పెట్టి గనుల భద్రత చూసే డీజీఎంఎస్‌కు పంపండి. కొత్త జత చేతికొచ్చేదాకా పాత జతతో పనిచేయమని ఎవరైనా అంటే, ఆ మాట కూడా కాగితం మీద రాసిమ్మని అడగండి.