వంశదోషమను నింద

ఒక యింట తల్లికి కార్జపు జబ్బు; పదియేండ్లకు కుమారునికిని అదియే. ఇంక ఊరివారికి వేఱు విచారణ అక్కఱలేదు. "అది వారి వంశమందే యున్నది" అని తీర్పు చెప్పివేయుదురు. సాక్ష్యము లేదు, ప్రతివాదికి మాటాడు అవకాశము లేదు, అప్పీలు లేదు. ఆ యింటి పిల్లకు వచ్చిన సంబంధము తప్పిపోవును. ఆ యింటి చెంబుతో నీళ్లు త్రాగువారుండరు. నర్సింహులపేట మొదలు మానుకోట వఱకును, ఆ మాటకు వచ్చిన ఓరుగల్లులోని చదువుకొన్నవారి యిండ్లలోను ఈ తీర్పు చెల్లుచునే యున్నది. న్యాయవాదవృత్తిలోనున్న మేము దీనికి ప్రతివాదము వ్రాయదలంచితిమి.

విచిత్రమేమన, ఈ భ్రమ మన పల్లెవారికే కాక మహాపండితులకును కలిగినది. 1960 దశకమున బ్లంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నానాజాతుల రక్తములందు వంశపారంపర్యముగా వచ్చు భేదములను వెదకుచు, ఆస్ట్రేలియా ఆదివాసి యొకని రక్తములో ఒక క్రొత్త పదార్థమును కనుగొనెను. అదియు వంశలక్షణమే యని తొలుత తలంచెను. పిదప, అంతకుముందు అది లేని రోగి యొకనిలో క్రొత్తగా పొడసూపుటయు, అతని కాలేయము చెడుటయు జూచి, ఇది వంశమునుండి దిగినది కాదు, బయటినుండి వచ్చిన అంటు అని గ్రహించెను. అదియే హెపటైటిస్ బి. ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించినది.

తల్లినుండి బిడ్డకు వచ్చుట నిజమే. కాని వచ్చునది ప్రసవసమయమున నెత్తురు ద్వారా. బీజము ద్వారా కాదు. అట్లు పసికందునకు సోకినచో నూటికి 90 మందిలో జీవితాంతము నిలిచిపోవును. పెద్దవయస్సున సోకినచో నూటికి 5గురికి మించి నిలువదు. పుట్టిన 24 గంటలలోపల టీకా వేసినచో ఆ గొలుసు చాలవఱకు తెగిపోవును. వంశదోషమునకు ఎక్కడనైన టీకా యుండునా? ఇక చెంబు మాట: ఒక్క పాత్రలో నీరు త్రాగుటచే, ఒక్క పంక్తిని భుజించుటచే ఈ వ్యాధి అంటదు.

అట్లని జన్యువుల ప్రమేయమే లేదనుట మా వాదము కాదు. ఒకే క్రిమి యిద్దఱికి సోకగా ఒకడు దానిని వెడలగొట్టును, ఒకడు మోయుచుండును. ఈ భేదమునకు వారి జన్యువులును కొంత కారణమని 2009లో జపాను పరిశోధకులు చూపిరి. ఆ సంవత్సరమే హెపటైటిస్ సి విషయమున మఱియొకటి తేలినది. 19వ క్రోమోసోముపైనున్న చిన్న భేదమును బట్టి, ఇంటర్ఫెరాన్ అను సూదిమందు కొందఱికి ఇతరులకంటె సుమారు రెండింతలు గుణమిచ్చినది. నెలల తరబడి జ్వరము, నీరసము తెచ్చు ఆ మందుతో కొందఱు ఘోరమైన దిగులులో మునుగుటకును జన్యుభేదములతో సంబంధమున్నట్లు కొన్ని పరిశోధనలు సూచించినవి. రోగికి కావలసినది ఆయుర్దాయ మొక్కటియే కాదుగదా! తెల్లవారి లేచి పత్తిచేనికి పోగలనా, రాత్రి కంటికి కునుకు పట్టునా, నలుగురిలో తలయెత్తుకొని తిరుగగలనా యన్నదే యతని ప్రశ్న.

కాని ఆ జన్యుభేదపు కథ తుద కేమైనది? 2013లో సోఫోస్బువిర్ అను మాత్ర వచ్చినది. దానిని తోడిమందులతో రెండు మూడు నెలలు వాడిన నూటికి 95 మందికి హెపటైటిస్ సి నయమగుచున్నది. జన్యువు అనుకూలమా ప్రతికూలమా యను విచారమే దాదాపు లేకపోయినది. అమెరికాలో మాత్ర యొక్కటికి వేయి డాలర్లు పలికిన యా మందును 2015లో మన హైదరాబాదు నాట్కో, హెటిరో కంపెనీలు చవుకగా తయారుచేసినవి. అంతకుముందే, 1997లో, హైదరాబాదుననే శాంతా బయోటెక్నిక్స్ వారు హెపటైటిస్ బి టీకాను స్వదేశమున తయారుచేసి విదేశపు సరకు ధరను దించిరి. నుదుటివ్రాత యనుకొన్నది కర్మాగారములో చెఱిగిపోయినదన్నమాట! హెపటైటిస్ బి పూర్తిగా పోదుగాని, దినమున కొక్క మాత్రతో అదుపులో నుండును.

పసరుమందు గూర్చి ఒక్కమాట. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలమందికి వానంతట అవే తగ్గును. కీర్తి పసరునకు దక్కును. బి, సి వ్యాధులు ఏండ్ల తరబడి కన్ను పచ్చబడకయే కార్జమును తినివేయును. అప్పుడు పసరు పోసినవాడు కానరాడు.

ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము 2022లో మన దేశమున హెపటైటిస్ బి గలవారు 2.98 కోట్లు, సి గలవారు 55 లక్షలు. 2018 జూలై 28న కేంద్రప్రభుత్వము ఆరంభించిన కార్యక్రమము క్రింద పరీక్షయు, మందును ఉచితము. కాని హెచ్.ఐ.వి. సోకినవారిని ఉద్యోగమునుండి, బడినుండి వెలివేయరాదని 2017లో ప్రత్యేకముగా చట్టము చేసిన పార్లమెంటు, వీరికి అట్టి రక్షణ నేల కల్పింపలేదు? ఈ ప్రశ్నను మన ప్రతినిధుల నడుగవలయును. వారి సమాధానమునకై వేచియుండ నక్కఱలేని పని యొకటి కలదు. మానుకోటలో 2022నుండి ప్రభుత్వ వైద్యకళాశాల యున్నది. పఠనాలయముల కార్యదర్శులు సమీపపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని కలిసికొని, ఒక ఆదివారము గ్రామమందే రక్తపరీక్ష జరుగునట్లు కోరవలయును. గర్భిణులలో ఒక్కరును పరీక్ష తప్పకుండ చూడవలయును. ఆనాడు మొదట చేయి చాపువారు గ్రామపెద్దలే యైనచో, వెనుక నిలిచియున్న ఆడువారి సంకోచము సగము తీరును.